అన్నయ్య బాకీకి వదిన సాక్ష్యం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఆ ఫ్యాను కింద కాదు, గడప పక్కన ఈ పీట మీద. నేను చెప్పబోయేది గడప పక్కన కూర్చుని వినవలసిన సంగతే. మీదీ నాదీ ఒక్క ఈడు కనుక, నేను సగం చెబితే తక్కిన సగం మీరే అందుకుంటారు.

మొన్న మా మనవడు, కూతురి కొడుకు, ఈ దీవి మీద ఆస్టినాబాద్‌లో మా ఇంటి అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఆటో కొనుక్కుందామని బ్యాంకుకు వెళితే, అక్కడి వాళ్లు కంప్యూటర్లో వాడి పేరు పక్కన ఏదో అంకె చూసి, ఇది బాగా తక్కువగా ఉంది, నీకు అప్పు పుట్టదన్నారట. స్నేహితుడొకడు మోటారు సైకిలు కొంటే వీడు జామీను నిలబడ్డాడు. ఆ కుర్రాడు చెన్నైకి ఓడెక్కి పోయి వాయిదాలు మానేశాడు, మచ్చ వీడి పేరుకి అంటుకుంది. ఇప్పుడెవరో ఫోనులో తగులుకున్నారట, మాకు ఫీజు కట్టు, మచ్చంతా మేం తుడిచిపెడతాం, నువ్వు ఎక్కడికీ వెళ్లనక్కరలేదు, ఎవరితోనూ మాట్లాడనక్కరలేదు అని.

“కట్టీమంటావేటి అమ్మమ్మా, నేపోతే నానే ఆఫీసులంట తిరగాల? దిమాగ్ ఖరాబైపోతంది,” అన్నాడు.

ఎవరితోనూ మాట్లాడనక్కరలేదు అన్న ఆ ఒక్క మాటకి నేను వాడి పక్కనే కూర్చున్నాను. ఆ మాట నేను ఇదివరకే విన్నాను, ఓడలు ఆగే ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర, టిక్కెట్ల వరస పక్కన నిలబడి.

నా పెళ్లయిన కొత్తలో మా అన్నయ్య సొంతానికి పడవా దానికి ఇంజనూ కొన్నాడు. బ్యాంకులో అప్పు తీసుకుంటే మా ఆయన జామీను నిలబడ్డాడు, బావకి కాక ఇంకెవరికి నిలబడతాడు? అన్నయ్యకి ఒక అలవాటుండేది. వేట నుంచి వచ్చి లోపలికి అడుగు పెట్టేముందు, గడప రాయి మీద తడి కాళ్లు రెండుసార్లు గట్టిగా తట్టి ఇసుక దులుపుకునేవాడు. ఆ చప్పుడు వినగానే మా వదిన పొయ్యి దగ్గర్నుంచి లేచి కంచం పెట్టేది. తలుపు తీసి చూడవలసిన పనే ఉండేది కాదు.

ఒక ముసురు రోజున వేటకి వెళ్లిన అన్నయ్య తిరిగి రాలేదు. మనిషీ రాలేదు, పడవ తాలూకు చెక్క ముక్కయినా రాలేదు.

మా వాళ్లలో సముద్రం మీద తప్పిపోయిన మనిషిని, శవం కళ్ల చూస్తే తప్ప, పోయాడని అనరు. “ఇంకా ఏటలోనే ఉన్నాడు” అంటారు. శ్రీకాకుళం తీరం నుంచి మా తాతలు ఓడెక్కి వచ్చినప్పుడు వలలతో పాటు ఈ మాటనీ తెచ్చుకున్నారు. ఈ దీవుల్లో అది వట్టి ఓదార్పు కూడా కాదు, నీటి పోటుకి కొట్టుకుపోయి, బర్మా ఒడ్డున పట్టుబడి, అక్కడి జైల్లో ఏళ్లు గడిపి గడ్డాలతో తిరిగొచ్చిన వాళ్లని మేము చూశాం. అందుకే వదిన బొట్టు తీయలేదు, ఎవరూ తీయమని అనలేదు. రోజూ సాయంత్రం అన్నయ్య కంచం కడిగి గోడ వార పెట్టేది. మేమంతా దాన్ని దాటుకుని నడిచేవాళ్లం.

అలా ఏళ్లు గడిచాయి. మాకు పిల్లలు పుట్టారు. మా ఆయన పరాయి పడవల మీద కూలికి పోయి పోయి, తనకంటూ ఒక పడవ కావాలని ఏ బ్యాంకు గుమ్మం ఎక్కినా, నువ్వు జామీనున్న అప్పు మునిగిపోయింది, నీ పేరు మంచి జాబితాలో లేదనేవారు. ఒక ఆఫీసరు మాత్రం కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. ఆ అప్పుకి బీమా ఉంది, మనిషి పోయాడని కోర్టు కాగితం తెస్తే బీమా డబ్బుతో అప్పు తీరుతుంది, నీ పేరూ తేలికపడుతుంది, ఆచూకీ లేని మనిషి కోసం చట్టం ఆగవలసినన్నాళ్లూ ఆగింది, ఇక ఆయన భార్య వచ్చి చెబితే చాలు అన్నాడు.

అన్నిటికన్నా కష్టమైంది ఆ చివరి ముక్కే. వదిన ముందు కూర్చుని, నీ మగడు పోయాడని నోటితో చెప్పవే అని ఎవరు అడగాలి?

అప్పుడే ఫీనిక్స్ బేలో ఓడ టిక్కెట్లూ, రేషను కార్డులూ సర్దిపెట్టే మనిషొకడు, నేను పక్కన ఉండగానే, మా ఆయన్ని పట్టుకున్నాడు. “భయ్యా, దీదీని అడగక్కర్లేదు, ఎవరితోనీ మాట్లాడక్కర్లేదు. పైసా మీది, కామ్ నాది,” అన్నాడు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవాన్ని చూశామని చెప్పే సాక్షులు వాడి దగ్గరే ఉన్నారట, వదిన వేలిముద్ర కూడా వాడే చూసుకుంటాడట. అంటే కాగితాల్లో మా అన్నయ్యకి ఒక శవాన్ని పుట్టిస్తాడన్నమాట.

ఇంటికొచ్చాక మా ఆయన గోడకేసి చూస్తూ, “ఇచ్చేద్దామే. డబ్బులిచ్చేస్తే మన నోటితో అననక్కర్నేదు కదా,” అన్నాడు. పిసినారి కాదాయన, పిరికివాడూ కాదు. తుఫానులో పడవ నడిపిన మనిషి, వదిన ఎదట నిలబడలేక డబ్బు పారేద్దామంటున్నాడు. నాకు కోపం రాలేదు. వీధిలో బంగారం కుదువ పెట్టడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలా అని కూడా ఆలోచించాను. కానీ ఆ లేని శవం నా కళ్ల ముందు నుంచి కదలలేదు. అన్నం కలుపుకుంటే కంచం పక్కనే పడుకుని ఉన్నట్టుండేది.

మర్నాడు వదిన దగ్గరికి వెళ్లాను. వాన పడుతోంది. వదిన చేపలు తోముతోంది, నేను కత్తిపీట అందుకున్నాను. బుట్టలో చేపలన్నీ కోసేశాను. చివరికి వదినే తల ఎత్తకుండా అడిగింది.

“గుంటా, నీకూ ఇనపడతాదేటి?”

ఏమిటని అడగలేదు నేను. వానపడితే చాలు, గడప రాయి మీద రెండుసార్లు కాళ్లు తట్టిన చప్పుడు నాకు వినిపిస్తూనే ఉండేది. పిచ్చిదంటారని ఎవరికీ చెప్పలేదు. తల ఊపాను.

“అయితే నా ఒక్కదానికే కాదన్నమాట,” అని వదిన నిట్టూర్చింది. “తడతాడు గాని నోనికి రాడే. ఎందుకు రాడో తెల్దనుకున్నావా? బాకీ ఉండిపోనాది. మీ ఆయన పేరు తన మూలాన్న పాడైపోతే, ఏ మొకం ఎట్టుకొస్తాడు?” చేయి కడుక్కుని, “పద, ఎక్కడ సెప్పాలో సూపించు. ఆ జెట్టీకాడోడికి పైసా ఇచ్చినారంటే మీ ఇద్దరికీ సీపురుకట్ట తిరగేస్తాను,” అంది. ఆ సంగతి ఆమెకెలా తెలిసిందో నేనిప్పటికీ ఎరగను.

కోర్టుకి వదిన నిండు బొట్టుతోనే వచ్చింది. అక్కడి గుమాస్తా ఆ బొట్టు చూసి తికమకపడి, “మర్ గయా నా? బోలో దీదీ,” అన్నాడు, పోయాడు కదా, చెప్పమ్మా అని. వదిన మాత్రం తొణకలేదు. “ఘర్ నహీ ఆయా, సాబ్. ఖబర్ భీ నహీ ఆయా. బస్, నాకు ఇంతే తెలుసు,” అంది. ఇంటికి రాలేదు, కబురూ రాలేదు, అంతే. అతను పైన కుర్చీలో ఉన్న జడ్జీ పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన, అంతే రాయండి, చట్టానికి అంతే కావాలి అన్నాడు. పోయాడన్న మాట వదిన నోటి నుంచి రానేలేదు. డబ్బిచ్చి ఉంటే, మాకెవరికీ తెలియని ఒక అబద్ధం ఆమె వేలిముద్రతో ఈ భూమ్మీద ఉండిపోయేది.

తిరుగుళ్లు చాలా అయ్యాయి. చెప్పులరిగాయి. చివరికి అన్నయ్య అప్పు తీరింది, మా ఆయన పేరు తేలింది, పడవా వచ్చింది. కోర్టు కాగితం చేతికందిన నాటి సాయంత్రం వదిన ఎప్పటిలాగే అన్నయ్య కంచం కడిగింది. ఎప్పటిలాగే గోడ వార పెట్టింది. కాకపోతే ఈసారి బోర్లించి పెట్టింది. ఆ తరవాత వదినకి ఆ చప్పుడు వినిపించలేదట. నాకు మాత్రం మానలేదు.

ఇప్పుడు వదిన లేదు, మా ఆయనా లేడు. ఆ కంచం నా దగ్గరుంది, బోర్లించే ఉంది.

మనవడికి ఇదంతా చెప్పి ఒక్క మాటే అన్నాను. నాయనా, తప్పుగా రాసి ఉంటే బ్యాంకు వాళ్లని నువ్వే అడుగు, రుజువు చూపించి నువ్వే దిద్దించుకో, అందుకు ఎవరికీ ఫీజు పోయనక్కరలేదు. నిజమే రాసి ఉంటే డబ్బు తీసుకుని దాన్ని చెరిపేసే మొనగాడు లేడు, ఉన్నానన్నవాడు శవాల్ని పుట్టించేవాడే. వాయిదాలు మానేసిన ఆ కుర్రాడి తల్లి మన ఊళ్లోనే ఉంది కదా, వెళ్లి ఆవిడ ముందు కూర్చుని బాకీ సంగతి మాట్లాడు. వాడు ముఖం మాడ్చుకున్నాడు. వాడికీ కష్టమైంది అదే మరి. అయినా ఈ పొద్దున బయల్దేరి వెళ్లాడు, ఇంకా రాలేదు.

మన రోజుల్లో పేరు పాడైతే దానికొక ముఖం ఉండేది, వెళ్లి కూర్చోవడానికి ఒక గడప ఉండేది. ఇప్పుడది ఫోనులో ఒక అంకె అయిపోయింది, పెరిగినా తరిగినా చప్పుడు చెయ్యదు. ఆ అంకె వెనక ఏ తల్లి కంచం కడిగి పెట్టుకుని ఎదురుచూస్తోందో ఎవరికి తెలుస్తుంది?

వాన మొదలైంది. లేవకండి, కాస్త తగ్గనివ్వండి. మీ ఇల్లు చల్లగా ఉండాలమ్మా. మీ గడప మీద వినిపించే ప్రతి అడుగూ లోపలికి వచ్చే అడుగే కావాలి.