డ్రైవింగు టీచరమ్మ కిటికీ అద్దాలు

ఎండను తప్పించుకోవడానికి మానవజాతి కనిపెట్టిన మార్గాలు మూడు: నీడ, గొడుగు, సాకు. కారు నడపడం నేర్పే టీచరమ్మకు మూడూ అక్కరకు రాలేదు. ఆవిడ సీటు కిటికీ పక్కనే. గొడుగు విప్పితే దారి కనపడదు. సాకు చెప్పడం ఆవిడకు చేతకాదు. ఏళ్ల తరబడి అలా కూర్చోగా కూర్చోగా కిటికీ వైపు చెంపా, చెయ్యీ ఎర్రగా పొక్కిపోయాయి.

"అద్దం ఎండను పూర్తిగా ఆపదమ్మా. ఎండైనా తగలకుండా చూసుకోవాలి, ఉద్యోగమైనా మానాలి" అన్నాడు డాక్టరు.

"ఉద్యోగం మానను. ఎండ సంగతి చూస్తాను" అందావిడ.

ఆవిడ తమ్ముడికి కార్ల అద్దాలకు నల్ల ఫిల్ము అంటించే దుకాణం ఉంది. అతని పనితనం పుణ్యమా అని ఆ కార్లలో పట్టపగలే గుర్రుపెట్టి నిద్రపోవచ్చని ప్రతీతి. అందుకే అందరూ అతన్ని 'చీకటి' అంటారు.

"అక్కా, నీ కారును గుహ చేసేస్తా చూడు!"

"గుహలో డ్రైవింగు నేర్పరురా. పక్క అద్దంలోంచి నూటికి డెబ్బై వంతుల వెలుగు రావాలని రూలు. దాన్ని దాటకు."

చీకటి, డెబ్బై అని అచ్చేసి ఉన్న ఫిల్ము తెచ్చి, సబ్బునీళ్లు చల్లి, ఒక్క బుడగ లేకుండా అంటించాడు. ఏటా జరిగే తనిఖీలో ఇన్‌స్పెక్టరు గారు అద్దానికి మీటరు తగిలించి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు అరమోడ్చారు.

"అరవై కూడా లేదమ్మా. పీకించుకొని రండి. అందాకా బండి రోడ్డెక్కదు."

"ఫిల్ము మీద డెబ్బై అనే ఉంది కదండీ!" అన్నాడు చీకటి.

"కారుకి అద్దం కూడా ఉంది నాయనా. దాంట్లో ఫ్యాక్టరీలోనే కాస్త రంగు కలుపుతారు. అది మింగగా మిగిలిన వెలుగును నీ ఫిల్ము మింగింది."

ఫిల్మును చూసీ చూసీ అద్దాన్ని మరిచిపోవడం ఆ వృత్తిలో పండిపోయినవారికే సాధ్యం. చీకటి తల దించుకున్నాడు.

"పోనీలే అక్కా, ఇంట్లో కూర్చో. బావ ఉన్నాడుగా."

"మీ బావకు ఇప్పటికీ బండి రివర్సు చేయడం రాదు. ఆయన్ని నమ్ముకొని కూర్చోమంటావా? నడు దుకాణానికి."

దుకాణంలో అటక మీద, దుమ్ము కొట్టుకుపోయి, రంగులేని ఫిల్ము చుట్ట ఒకటి ఉంది. ఎండలో చర్మాన్ని కాల్చేదాన్ని ఆపుతుంది, వెలుగును దాదాపు వదిలేస్తుంది. అడిగినవాడు లేక అక్కడే పడి ఉంది.

"అదా! అంటించినట్టే కనపడదక్కా. చూసినవాళ్లు నా పని గురించి ఏమనుకుంటారు? నా పేరేం కావాలి?"

"పేరు నీది, చర్మం నాది. ముందు పాతది పీకు. ఉత్త అద్దానికి మీటరు పెట్టు. దాని మీద ఈ ముక్క ఆనించి మళ్లీ పెట్టు. డెబ్బై దాటితేనే అంటించు."

పక్క దుకాణం మీటరు అరువు తెచ్చి పెట్టారు. లెక్క డెబ్బైని కొనగోటితో పట్టుకొని నిలబడింది. చీకటి దిగులుగానే, ఒక్క బుడగ లేకుండానే, అంటించాడు.

"ఫిల్ము పీకేసినట్టున్నారే?" అన్నారు మళ్లీ తనిఖీకి వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టరు గారు.

"లేదండీ, ఉంది. మీటరు పెట్టండి."

పెట్టారు. నెగ్గింది.

ఎండాకాలం గడిచేసరికి చెంప మీద ఎరుపు తగ్గింది. ఎండకు భయపడి ఎత్తేసిన మధ్యాహ్నం క్లాసులను టీచరమ్మ మళ్లీ పెట్టింది. మొదటి రోజు మిట్టమధ్యాహ్నం వచ్చిన విద్యార్థి ఒక పెద్దాయన.

"ఈ ఎండలోనా, టీచరుగారూ?"

"ఈ ఎండలోనే. అద్దం పైకెత్తండి, క్లచ్ తొక్కండి."