గంజి పెట్టిన వల

ఆ గోలు నాదే. ఎవరు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా నాదే.

హైస్కూల్లో రెండేళ్లు, కాలేజీలో నాలుగేళ్లు నేను బాస్కెట్‌బాల్ ఆడాను. సెలవులకు కడప వస్తే మా ఊరి జట్టులో ఆడేవాణ్ణి. మాది మగ్గం ఇల్లు. జట్టులో తక్కినవాళ్లంతా వకీళ్ల పిల్లలు, ఆఫీసర్ల పిల్లలు. వాళ్లకు కాన్వాసు బూట్లుండేవి. నీళ్లు చల్లి చదును చేసిన నేల సాయంత్రానికి ఎండి, గులకరాళ్లు పైకి తేలేవి. వాటి మీద నేను వట్టికాళ్లతోనే పరుగెత్తాను. నీ కాళ్లెట్లా ఉన్నాయని ఒక్కరూ అడగలేదు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. కర్నూలు జట్టుతో మాకు ఆట కుదిరింది. ఆ ఆట చూసి, రెండు జట్ల నుంచీ మంచి ఆటగాళ్లను ఏరి మద్రాసు పోటీలకు పంపుతామన్నారు. ఏరేవాళ్లు ఇద్దరు: రెఫరీగా వచ్చే డ్రిల్లు మాస్టారు, మా కెప్టెను. మద్రాసులో ఆడాలని నాలుగేళ్లుగా కాచుకొని ఉన్నాను.

ఆటకు నాలుగు రోజుల ముందు ఒక రింగుకున్న వల చినిగిపోయింది. మద్రాసు నుంచి సరుకు రావడం లేదు. కెప్టెను నాతో, "మీ ఇంట్లో నూలుకేం తక్కువప్పా? మీ నాయనతో ఒకటి అల్లిచ్చు" అన్నాడు. నూలు కోసం మా వీధి వీధంతా అంగలారుస్తున్న కాలమది. అయినా మా నాయన దాచుకున్న నూలు తీసి, పోగులు పేని వల అల్లాడు. అల్లి, చీర నూలుకు పెట్టినట్టే దానికీ గంజి పెట్టి ఎండలో ఆరేశాడు.

"దీనికి గంజి ఎందుకు నాయనా?"

"గంజి లేని నూలు నిలుస్తాదేమిరా? నలుగురు చూసేది. బిర్రుగా ఉండల్ల."

ఆట రోజు పొద్దున నేనే ఎక్కి కట్టాను. మా నాయన కూడా చూడడానికి వచ్చి, గీత పక్కన గొంతుక్కూచున్నాడు.

ఆటలో రెండు మూడుసార్లు బంతి ఆ వలలో ఆగి ఆగి దిగింది. ఎవరూ పట్టించుకోలేదు. చివరికి మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. మూల నుంచి నేను విసిరాను. బంతి రింగు అంచుకైనా తగలకుండా లోపలికి దిగి, వలలో ఇరుక్కుపోయింది.

జనం గొల్లుమన్నారు. "సొరకాయ మాదిరి యాలాడుతాండాది సూడప్పో!"

"బంతి కింద పడలేదు. గోలు లేదు" అన్నారు డ్రిల్లు మాస్టారు. కర్రతో పొడిచి బంతిని దించేసరికి ఆట ముగిసింది.

కెప్టెను అందరిముందూ నావైపు తిరిగి, "మీ నాయన బంతికి ఉయ్యాల కట్టినాడు గదప్పా, ఊపుతా కూచో" అన్నాడు. మా నాయన విన్నాడు. తలగుడ్డ దులుపుకొని లేచి వెళ్లిపోయాడు.

మద్రాసుకు పోయే జట్టులో కెప్టెను పేరుంది. నా పేరు లేదు.

కాలేజీకి తిరిగి వెళ్లాక ఆట నియమాల పుస్తకం సంపాదించాను. పైనుంచి రింగులోకి దిగిన బంతి వలలో నిలిచినా గోలేనని అందులో స్పష్టంగా ఉంది. తర్వాతి సెలవుల్లో ఆ పేజీ తీసుకెళ్లి డ్రిల్లు మాస్టారి ముందు పెట్టాను. రెండుసార్లు చదివారు.

"నిజమేనప్పా. అయిపోయిన ఆట గదా, ఇంగేం జేస్తాం?"

"మా నాయనకు ఒక్క మాట చెప్పండి సార్."

"చెప్తాంలే."

చెప్పలేదు. మరుసటి ఏడు మాత్రం కొత్త వల కావాలని మా ఇంటికి మనిషిని పంపారు. ఆ పుస్తకం చూపించి, వద్దని నేను మా నాయనతో పోట్లాడాను. మా నాయన మగ్గం గుంటలోంచి తల ఎత్తకుండానే, "నీ పుస్తకం నీ కాడ పెట్టుకోరా. నా వల బంతిని పట్టుకున్న మాట నిజమే గదా" అన్నాడు.

ఈసారి గంజి పెట్టకుండా అల్లి ఇచ్చాడు. బంతి దాంట్లోంచి నీళ్లలా జారుతుందని అందరూ మెచ్చుకున్నారట. నేను చూడలేదు. ఆ వల కింద నేను ఒక్క ఆటా ఆడలేదు.