కోడలు మింగిన మాత్రలు

ఈ రోజు బుధవారం. వంట, ఆవుకు మేత, నీళ్లు పట్టడం పొద్దున్నే ముగించి, కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకొని పావగడ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. పెళ్లయి ఆరేళ్లయినా వాళ్లకు పిల్లలు లేరు. కోడలిలో ఏ లోపమూ లేదు. కొడుకు వీర్యంలో చెడ్డ బ్యాక్టీరియా పెరిగి కణాల కదలిక తగ్గిందని పోయినసారి వాడికి మాత్రలు రాశారు. ఈ రోజు రిపోర్టులో ఏ మార్పూ లేదు.

"మాత్రలన్నీ మింగినావా?" అని డాక్టరమ్మ అడిగితే వాడు పెళ్లాం వైపు చూశాడు.

"నేను మింగినా మేడమ్," అంది కోడలు. "ఆయన వద్దని పారేయబోయినాడు. అత్త దినామూ మాత్రల ఖాళీ అట్టలు చూస్తాది. పిల్లలు పుట్టే మందు ఆడోళ్లకే గదా అనుకుంటి."

డాక్టరమ్మకు కోపం వచ్చింది. "మగోళ్ల ఒంట్లోనూ మంచివీ చెడ్డవీ సూక్ష్మజీవులు ఉంటాయమ్మా. ఆయన్లో చెడ్డవి పెరిగితే నువ్వు మింగి ఏం లాభం?"

అట్టలు చూశానే గానీ ఎవరు మింగుతున్నారో చూడలేదు. బస్సులో ఏడుపు ఆపుకోలేకపోయాను. ఇంకెన్నాళ్లు ఎదురుచూడాలి, అసలు ఫలితం ఉంటుందో లేదో!

సాయంత్రం సోలార్ పార్కు డ్యూటీకి బయలుదేరుతున్న కొడుకు చేతిలో డాక్టరమ్మ మళ్లీ రాసిచ్చిన మాత్ర పెట్టి, ఎదురుగా నిలబడ్డాను.

"ఏందిమా, చిన్నపిల్లోనికి మాదిరి?"

"ఇంట్లోకి చిన్నపిల్లోడు రావాలనేప్పా. మింగు."

మింగాడు.

నలుగురికీ తెలిసేలా ఇది రాయమన్నది కోడలే. మీ ఇళ్లల్లో మగవాళ్ల మందు ఎవరు మింగుతున్నారో ఒకసారి చూసి చెప్పండి. మా ఇంట్లో ఈ పూట మాత్ర మింగాల్సినవాడే మింగాడు, బాకీ తీరింది.