అక్కతో తాగించిన పొడి

అక్కకు లూపస్ అనే జబ్బు ఉందని తేలిన రోజు దవాఖానలో ముగ్గురం ఉన్నాం: అక్క, నేను, మా చిన్నమ్మ కొడుకు. చిన్నమ్మ పోయాక వాడు ఆలేరులో మా ఇంట్లోనే పెరిగాడు. వాడికి అన్నం కలిపి పెట్టింది అక్కే.

డాక్టరమ్మ నింపాదిగా చెప్పింది. రక్తంలో సి1క్యూ అనే ప్రొటీన్ ఉంటుందట. దాని కాడలు అచ్చం చర్మంలో, ఎముకల్లో ఉండే కొల్లాజెన్‌లాగే మూడు పోగులు పేనిన తాళ్లట. చచ్చిన కణాలను పట్టుకుని, వీటిని ఊడ్చెయ్యమని ఒంటికి కబురివ్వడం దాని పని. అక్క ఒళ్లు దాని మీదికే తిరగబడింది. అందుకే అది తగ్గిపోతోంది.

"అయితే కొల్లాజెన్ తింటె సరిపోతదా మేడం?" అని అడిగింది వాడే.

"పోలికే బాబూ, పనులు వేరు. తింటే అరిగిపోతుంది, అంతే. మాత్రలు మాత్రం ఆపొద్దు."

వాడు తలూపాడు.

తర్వాత వాడు షాద్‌నగర్‌లో కొల్లాజెన్ పొడి అమ్మే పనిలో చేరాడు. నా కాపురం మహబూబ్‌నగర్‌లో. ఎప్పుడు ఫోన్ చేసినా "మంచిగున్న" అనేది అక్క. ఒకసారి ఆలేరు వెళ్లి చూస్తే ముఖం ఉబ్బి ఉంది. కాలి మీద వేలితో నొక్కితే గుంట పడింది. మాత్రలు అట్టల్లో అట్లాగే ఉన్నాయి.

"గోలీలు ఎందుకేసుకుంటలేవే?"

"తమ్ముడు వద్దన్నడు. నాకు తక్కువున్నది గీ పొడిల ఉన్నదంట. రెండు ఒక్కతీరుగుంటయని డాక్టరమ్మ గూడ చెప్పె గద."

దవాఖానలో చేర్పించేసరికే కిడ్నీలు దెబ్బతిన్నాయి. వార్డుకు వాడూ వచ్చాడు.

"డాక్టరమ్మ చెప్పంగ నువ్వు గూడ విన్నవు గదరా?" అన్నాను.

"విన్న. అక్కకు నయమైందంటె నలుగురు కొంటరనుకున్న" అన్నాడు, నేల చూస్తూ. అప్పటికే అక్కతో ఒక వీడియో తీసి అందరికీ పంపాడట.

అక్క కళ్లు తెరిచే ఉంది. "నన్నడిగితె నయమైందని వీడియోల వట్టిగనే చెప్పకపోదునారా? గోలీలెందుకు బందు పెట్టిచ్చినవ్?" అంది.

అక్క బతికింది. మాత్రలు మానకుండా వేసుకుంటోంది, కానీ కిడ్నీలు మునుపటిలా లేవు. వాడి ఫోన్ మేమిద్దరం ఎత్తం. మొన్న నాతో పనిచేసే ఆమె ఆ వీడియో నాకే పంపి, ఆ పొడి మంచిదేనా అని అడిగింది. అందులో అక్క నవ్వుతూ "మా తమ్ముడు తెచ్చిచ్చిండు" అంటోంది.