దిగుడుకి మోకాళ్ళు

మా మేనకోడలు పోయిందని దాని తల్లి, మా చెల్లి ఫోను చేసింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాను. "ఇంటన్నావా అన్నా?" అని అది మళ్ళీ మళ్ళీ అడిగితే "ఊఁ" అన్నాను. రక్తంలో జబ్బని ఆ పిల్ల చాన్నాళ్ళుగా బెంగళూరు ఆసుపత్రిలో ఉంది. నిలబడదని మాకు తెలుసు. తెలిసినా కోపమొచ్చింది. ఆ కోపం ఇంకా తీరలేదు. నేను చదివింది మా ఊరి బడిలోనే. మాటలు తక్కువ మనిషిని. నోటితో చెప్పలేకపోయింది రాసి చెబుదామని కూర్చున్నాను.

దినం నాడు భోజనాల దగ్గర ఒకాయన అడిగాడు. "నీ మేనకోడలు ఏటి పని సేసేదిరా?"

"కార్ల కంపెనీలో" అన్నాను.

"కోట్ల రూపాయల కారంట కదా. మనూరికి అంబులెన్సు దిగదు గానీ, మన గుంట రాజుల కార్లకి పని సేసిందన్నమాట."

అందరూ నవ్వారు. చెడ్డగా కాదు, మామూలుగానే. జవాబు నా దగ్గరుంది. అది నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ జవాబు ఇది. అది పై దేశం కంపెనీ. డబ్బున్నవాళ్ళకి పరుగు కార్లు చేస్తుంది. ఇన్నాళ్ళూ అన్నీ పెట్రోలువే. ఇప్పుడు మొదటిసారి కరెంటుతో నడిచే కారు చేస్తోంది. ఆ పనిలో కొంత బెంగళూరు ఆఫీసులో జరుగుతుంది. మా పిల్లది బ్రేకుల పని.

"ఎంత బేగి ఉరుకుతాదో సూసుకోడానికి శానామంది ఉన్నారు మావా. దానికి మోకాళ్ళు పెట్టడం నా పని" అనేది.

ఆ మాట నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు సంతకి అల్లం కావిడి మోసుకెళ్తుంటే నా వెనకాలే వచ్చేది. "ఎక్కుడు ఊపిరి తీత్తాది, దిగుడు పేణం తీత్తాది. మోకాలు వంచి దిగు" అని చెప్పేవాణ్ణి. కొండ దిగేటప్పుడు బరువు మనల్ని ముందుకు తోస్తుంది. దాన్ని ఆపేవి మోకాళ్ళే. ఇంజనీరయ్యాక కూడా ఆ పిల్ల కారు నడిపితే చెప్పులు విప్పి పక్కన పెట్టేది. పెడలు ఏం చెబుతోందో పాదానికి తెలియాలనేది.

ఒక చైత్రంలో ఆ కారుని మా ఘాట్ రోడ్డు మీద చూసుకోడానికి తెచ్చారు. రూపు తెలియకుండా ఒళ్ళంతా నలుపూ తెలుపూ చారల కాగితం అంటించారు. కూడా వాళ్ళ పెద్దసారు వచ్చాడు. కోస్తా మనిషే, మర్యాదస్తుడు. మా ఇల్లు రోడ్డు మీదే కాబట్టి మా గోడకున్న ప్లగ్గు నుంచే చార్జింగు పెట్టారు. కొత్త కోడలిలా ఆ కారు మా వాకిట్లో నిలబడింది. పూర్తిగా నిండకముందే తీసెయ్యమని మా ఆవిడకి చెప్పి, మా పిల్ల వాళ్ళమ్మని చూసి రావడానికి కింద ఊళ్ళోకి దిగింది.

మా ఆవిడ తియ్యలేదు. మా కొండల్లో ఇంటికొచ్చినవాళ్ళని సగం కడుపుతో దిగుడుకి పంపరు. అది మనిషికైనా ఎద్దుకైనా ఒకటే.

మర్నాడు పొద్దున్న మా పిల్ల కారులో తొంగి చూసి తల పట్టుకుంది. "ఏటత్తా, గొంతు దాకా పెట్టేశావు."

"మరేటి, ఆకలితో పంపమంటావేటి?"

"దిగేటప్పుడు దీనికి కడుపులో సోటుండాలత్తా."

అప్పుడు విడమరిచి చెప్పింది. దిగుడులో యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చక్రాలు తిరిగే బలమే కరెంటయి బేటరీలోకి వెళ్తుందట. అలా వెళ్ళేటప్పుడే కారు తనంతట తాను నిదానిస్తుందట. బేటరీ నిండిపోయి ఉంటే ఆ కరెంటుకి చోటుండదు. కాలు తీసినా కారు ఆగదు, బరువంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది. పైగా నేలంతా పరిచిన బేటరీతో అది పెట్రోలు కారు కన్నా బరువు.

ముందు కాస్త చార్జింగు ఖర్చు చేసి దిగుదామన్నాడు సారు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. "కొన్నోళ్ళు కూడా ఇలాగే నింపి దిగుతారు సార్. వాళ్ళింట్లోనూ అత్తలుంటారు" అంది. నన్ను కూడా ఎక్కమంది. సిగ్గేసింది గానీ ఎక్కాను.

నిదానంగానే దిగుతున్నాం. ఒక మలుపు దాటగానే చైత్రంలో మేం చేసుకునే ఇటుకల పండగని ఆడోళ్ళు రోడ్డుకడ్డంగా వెదురు పట్టుకుని నిలబడ్డారు. వచ్చే పోయే బళ్ళని ఆపి పండగ మామూలు అడగడం మా దగ్గర ఆనవాయితీ. సారుకి చూపించాలని ఆ పిల్ల మొదట కాలు తీసి ఊరుకుంది. కారు నిదానించలేదు, జోరందుకుంది. సారు సీటు పట్టుకున్నాడు. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కింది. వెదురు దగ్గరకొచ్చి ఆగాం. కాలిన వాసనేసింది.

"సప్పుడు సెయ్యకుండా దొంగల్లాగొత్తన్నారేటి? దానికి డబలియ్యండి" అందొకామె. సారు నోటు తీసిచ్చాడు.

అక్కణ్ణుంచీ వాళ్ళిద్దరికీ ఒకటే వాదన. బేటరీ నిండినా ఖాళీ అయినా కాలు తీసినప్పుడు కారు ఒకేలా నిదానించాలి, చోటు లేనప్పుడు మామూలు బ్రేకులే వాటంతటవి పట్టుకోవాలి అని మా పిల్ల. అలా చేస్తే బ్రేకులు బేగి అరిగిపోతాయి, నడిపేవాళ్ళ ఎదురుగా జాగ్రత్తని ఎర్ర దీపం వెలిగిస్తే చాలదా అని సారు.

"దిగుడులో కళ్ళు రోడ్డు మీదుంటాయి సార్, దీపం మీద కాదు."

ఆసుపత్రి నుంచి ఫోను చేసినా ఇదే మాట. "ఇంకా తేల్చలేదు మావా. మళ్ళీ మీటింగంట." గొంతు సన్నబడిపోయింది, మాట మాత్రం మారలేదు. నేను "ఊఁ" అనేవాణ్ణి. జబ్బుకి మందులేదు సరే. ఒక పెడలు సంగతి తేల్చడానికేటి అడ్డం? ఆ పిల్ల బతికుండగా అవునో కాదో చెప్పలేకపోయారే అని ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను.

బెంగళూరు నుంచి పిల్లని తెచ్చిన అంబులెన్సు మా ఇంటి ముందే ఆగిపోయింది. అక్కణ్ణుంచి ఊరికి కాలిబాటే, అంతా దిగుడు. కూడా సారు వచ్చాడు. నేనెవరినీ ఏదీ అడగను. ఆ రోజు అడిగాను.

"ఆ పెడలు ఏటయింది బాబూ?"

ఆయన తల దించుకున్నాడు. "ఇంకా చూస్తున్నాం పెద్దాయనా. దీపమే ఉంచేలా ఉన్నారు."

పాడె ఎత్తుతుంటే తానూ ఒక కొమ్ము పడతానన్నాడు. ముందు వరసలో చోటిచ్చారు. నాలుగడుగులు దిగేసరికి బూటు జారింది. పాడె ముందుకి తూలింది. వెనకాల పట్టినవాడు అన్నాడు, "బూట్లు విప్పేయండి సారూ. మోకాళ్ళు వంచండి, పిల్ల బరువు మీ మీదికొత్తాది."

బూట్లు బాట పక్కనే విప్పేశాడు. నేను పాడె పక్కనే నడిచాను. దిగినంతసేపూ ఆయన కాళ్ళే చూశాను. ఎండ తగలని తెల్లటి పాదాలు. వేళ్ళు ఒక్కో రాయినీ వెతికి పట్టుకుంటున్నాయి. మోకాళ్ళు వణుకుతున్నాయి. వణుకుతూనే వంగి, మా పిల్ల బరువుని ఊరు దాకా ఆపుకుంటూ దిగాయి.

ఆ తరవాత ఆయన ఫోను చెయ్యలేదు. పెడలు సంగతి ఏమయిందో నాకు తెలియదు. ఆ కాళ్ళు మాత్రం కళ్ళ ముందే దిగుతున్నాయి.