జీపు టాపు మీద ఒక రంధ్రం

బుధవారం పొద్దున పదకొండు గంటలకు వనపర్తి బస్టాండు దగ్గర కురుమూర్తి జీపు మలుపు తిరిగింది. టాపు మీది ఏంటెన్నా తిరగలేదు. తీగ తెంపుకొని తన దారిన తాను పోయి, విజయమ్మ మిర్చి బజ్జీల బండి మీది శనగపిండి గిన్నెలో నిటారుగా నిలబడింది. విజయమ్మ దాన్ని బయటికి తీసి, పిండి తుడిచి, పరుగెత్తుకొచ్చిన కురుమూర్తిని "మీ పుల్లనేనా?" అని అడిగింది. అతడు అవునన్నాడు.

ఆ ఏంటెన్నాను ముందురోజు బిగించినవాడు జయపాల్. బిగించాడనడం మాటవరసకే. అడుగున అయస్కాంతం ఉన్న బిళ్ల మీద దాన్ని నిలబెట్టి పంపించాడు. వనపర్తిలో బ్యాటరీలు, హారన్లు, వైర్‌లెస్ సెట్లు బాగుచేసే దుకాణం అతడిది. వయసు యాభై దాటింది. షట్టరు దించి ఇంటిదాకా పోయి, దించానో లేదోనని మళ్లీ వచ్చి చూసుకునే మనిషి.

అయస్కాంతంలో లోపమేమీ లేదు. కొత్త జీపుకు పూజ చేసిన రోజు కురుమూర్తి భార్య స్వరూప స్టూలెక్కి, టాపు నడిమధ్యన పసుపు దట్టంగా పూసి కుంకుమ బొట్టు పెట్టింది. ఏంటెన్నా ఉండాల్సింది సరిగ్గా అక్కడే. తుడిస్తే తప్పు, మీద పెడితే బొట్టు చెదిరిపోతుంది. జయపాల్ చాలాసేపు ఆలోచించి, తన కొత్త తువ్వాలను నాలుగు మడతలు వేసి బొట్టు మీద కప్పి, దాని మీద అయస్కాంతం పెట్టాడు. బొట్టు చెదరలేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఆ జీపును నాగర్‌కర్నూల్ దగ్గరి ఒక చిన్న దవాఖాన వాళ్లు నల్లమల అడవి లోపలి పెంటలకు, అంటే అక్కడి చిన్న చిన్న గూడేలకు, మాట్లాడుకున్నారు. సోమవారం నర్సు నవ్య దాంట్లో వెళ్లాలి. ఒక పెంటలో నెలలు నిండిన మనిషి ఉంది. అక్కడ ఫోన్లు పలకవు. కాన్పు అడ్డం తిరిగితే దవాఖానలోని డాక్టరమ్మను అడగడానికి జీపులోని వైర్‌లెస్ రేడియో ఒక్కటే దిక్కు.

"అన్నా, అడవిల కొమ్మ తాకి గిట్లనే ఊడితే ఆ తల్లి గతేంది?" అన్నాడు కురుమూర్తి.

జయపాల్ ఆ అయస్కాంతం బిళ్లను తీసి అరలో పడేశాడు.

శుక్రవారం ఇంకో ఉపాయం చేశాడు. టాపు అంచున వాననీళ్లు జారే పట్టీకి కొండి వేసి ఏంటెన్నాను గట్టిగా బిగించాడు. నవ్యను కూడా ఎక్కించుకొని, పరీక్షకని కోడేరు దాకా పోయారు. నవ్య మైకులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టింది. దవాఖాన నుంచి డాక్టరమ్మ అన్నీ వినపడ్డాయంది. జీపును వెనక్కి తిప్పి నిలిపి మళ్లీ లెక్కపెడితే, "నాలుగు తర్వాత ఏమైందమ్మా, నిద్రపోయినవా?" అంది.

నవ్య మైకు పక్కన పెట్టింది. "జయపాలన్నా, నొప్పులు పడుతున్న మనిషికి, జర ఆగమ్మా, జీపు తిప్పినంక కందువు అని చెప్పాల్నా?"

జయపాల్ టాపు నడిమధ్యకు వేలు చూపించాడు. "నడుమ బెడితె చుట్టూ రేకు సమానంగ ఉంటది. మాట అన్ని దిక్కులకు పోతది. గానీ టాపుకు పొక్క పొడవాలె."

"పొడువు మరి!" అంది నవ్య.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. పదేళ్ల కింద మానవపాడులో ఒకాయన కారుకు అట్లాగే రంధ్రం పెట్టాడు. తొలి వానకే కారింది. లోపల కూర్చున్నది పెండ్లి మాటలకు పోతున్న కాబోయే వియ్యంకుడు. గద్వాల చేరేదాకా ఆయన బట్టతల మీద బొట్టు బొట్టుగా పడింది. ఆ సంబంధం కుదరలేదు.

"నీ పొక్కతోనేనా చెడింది?" అన్నాడు కురుమూర్తి.

"ఎవ్వలూ చెప్పలే. నేనూ అడగలే."

శనివారం కురుమూర్తి ఇంటి ముందు జయపాల్ డ్రిల్లు పట్టుకొని నిలబడ్డాడు. స్వరూప అడ్డం వచ్చింది.

"నా బొట్టు మీదనే పొడుస్తవా? ఇంక యాడ జాగ లేదా అన్నా?"

"నడుమనే ఉండాలె చెల్లె."

"పొడిస్తె వినవడుతదా?"

"వినవడుతదనుకుంటున్న."

"అనుకుంటున్నవా?"

"వినవడుతది," అన్నాడు జయపాల్. గొంతు మాత్రం ఒప్పుకోలేదు.

స్వరూప లోపలికి పోయి తడిగుడ్డ తెచ్చి, తానే స్టూలెక్కి పసుపంతా తుడిచేసింది. "నా బొట్టు కోసం కాన్పు ఆగుతదా?" అని దిగి, బానెట్ మీద కొత్త బొట్టు పెట్టింది.

జయపాల్ లోపలి కప్పు అట్ట విప్పాడు. డ్రిల్లు మరీ లోతుకు దిగకుండా మొనకు టేపు చుట్టి గుర్తు పెట్టుకున్నాడు. మూడుసార్లు ఆనించి మూడుసార్లు ఎత్తాడు. నాలుగోసారి కళ్లు మూసుకున్నది కురుమూర్తి. రంధ్రం పడింది. రబ్బరు వాషరు వేసి, చుట్టూ నీళ్లు దిగని పేస్టు పూసి, నట్టు బిగించి, పేస్టు ఆరేదాకా దాని చుట్టే తిరిగాడు. ఆదివారం కురుమూర్తిని సరిగ్గా దాని కింద కూర్చోబెట్టి, పైనుంచి బకెట్లు కుమ్మరించాడు.

"పడ్డదా?"

"లే."

"ఇప్పుడు?"

"మెడ మీద తడి తగులుతుంది."

జయపాల్ చేతిలో బకెట్టు జారింది. లోపలికి దూరి వేలితో తడిమి చూశాడు.

"నా చెమటనే అన్నా," అన్నాడు కురుమూర్తి.

సోమవారం జీపు అడవిలోకి పోయింది. దవాఖానకు ఫోన్ చేసి అడగడానికి ధైర్యం చాలలేదు. జయపాల్ ఒకే హారన్‌ను నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు బిగించాడు. మంగళవారం పొద్దున ఫోన్ మోగింది. రెండుసార్లు మోగనిచ్చి, మూడోసారికి ఎత్తాడు. కురుమూర్తి గొంతు.

కాన్పయ్యాక రక్తం ఆగలేదట. నవ్య రేడియోలో అడిగింది, డాక్టరమ్మ చెప్పింది, నవ్య చేసింది. తల్లినీ బిడ్డనూ జీపులోనే దవాఖానకు తెచ్చారు. ఇద్దరూ బాగున్నారు.

"గానీ నీ పుల్లతోని నాకు సావొచ్చింది అన్నా," అన్నాడు కురుమూర్తి. "మెల్లగ పో, గుంతల దింపకు, బీడీ ఆర్పు అని డాక్టరమ్మ తొవ్వ పొడుగూత తిట్టుడే. ఆ మూలమలుపులల్ల జీపు ఎటు దిప్పినా ఇడువలే!"

జయపాల్ ఫోన్‌ను చెవికి ఇంకాస్త దగ్గరగా నొక్కుకొని అడిగాడు:

"తిట్లు అన్ని దిక్కుల సమానంగనే వినవడ్డయా తమ్మీ?"