తాత కొన్న సగం పాట

మా తాత జగన్నాధం ఒకే పాటను ఐదుసార్లు కొన్నాడు. ఐదుసార్లూ సగమే కొన్నాడు. ఈ సంగతి ఊరందరికీ తెలిసినా ఆయనకు మాత్రం డెబ్బై నాలుగో ఏట, పెళ్లయి యాభై ఏళ్లు నిండిన రోజున, భోజనాలయ్యాక తెలిసింది.

తాతకు కళింగపట్నం రోడ్డు పక్కన మూడెకరాల వరి, ఎకరన్నర వేరుశనగ ఉన్నాయి. ఎరువు బస్తాల పురికొసలన్నీ ముడులేసి ఉండలు చుట్టి దాచే మనిషి. పాటల దగ్గర మాత్రం తనంత ఖర్చు మనిషి జిల్లాలో లేడని ఆయన నమ్మకం. దానికి సాక్ష్యం, 1984లో అమ్మమ్మ నీలవేణి కోసం కొన్న టేప్‌రికార్డరు. అది కొన్న రోజే ఇద్దరూ శ్రీకాకుళంలో రికార్డింగ్ సెంటర్‌కు వెళ్లారు. కావలసిన పాటలు కాగితం మీద రాసిస్తే షాపు వాళ్లు ఖాళీ కేసెట్టులో ఎక్కించి ఇచ్చే రోజులవి.

ఆ కేసెట్టులో మొదటి వైపు ఎనిమిదో పాట పడవ పాట. "పడవెక్కి వస్తానే, పట్టుచీర తెస్తానే, రేవుకాడ నువ్వుంటే..." అన్న చోట టేపు అయిపోయింది. టక్కుమని మీట లేచింది. పాట అంతటితో ఆగింది.

తాత దృష్టిలో పాట ఆగలేదు, ముగిసింది.

"రేవుకాడ నువ్వుంటే, అంతే! ఇంకేటి గావాల? అదీ కవిత్వమంటే," అని ఆయన నాలుగు దశాబ్దాలుగా వివరిస్తున్నాడు. నాట్లేసే ఆడవాళ్లకు కూడా వివరించాడు.

కొన్నాళ్లకు టేపు నలిగిపోతుందేమోనని భయపడి దానికి ఇంకో కేసెట్టులో కాపీ తీయించాడు. సీడీలు వచ్చాక ఆ కేసెట్టు పట్టుకుని విజయనగరం వెళ్లి, వంద రూపాయలిచ్చి సీడీ చేయించాడు. అక్కడి కుర్రాడు, ఇవే పాటలు అసలు సీడీలో పూర్తిగా దొరుకుతాయని, అదీ వందేనని చెప్పాడట. "మన పాటలు మనకుండగా వాళ్ల పాటలెందుకు?" అని తాత వాడికే బుద్ధి చెప్పి వచ్చాడు. తర్వాత ఫోన్ మెమరీ కార్డు. ఆ తర్వాత ట్రాక్టరుకు పెన్‌డ్రైవ్. ప్రతిదాంట్లోనూ పాట "నువ్వుంటే" దగ్గరే ఆగుతుంది. చివర్లో ఆ టక్కు కూడా ఉంటుంది. ట్రాక్టరులో ఆ టక్కు వినిపిస్తే గేరు విరిగిందేమోనని కొత్త డ్రైవర్లు దిగి చూస్తారు.

పోయినేడాది నౌపడ నుంచి అమ్మమ్మ తమ్ముడు ఉమాశంకర్ వచ్చాడు. రైల్వేలో రిటైరయ్యాడు. మైకు ఉన్న బ్లూటూత్ స్పీకరు కొన్నాడు, ఫోన్‌లో పాటల యాప్‌కు ఏడాది డబ్బులు కట్టాడు. ఆయన పడవ పాట పెట్టాడు. అది "నువ్వుంటే" దాటి ఇంకా రెండు నిమిషాలు నడిచింది.

తాత కొంచెం కూడా తడబడలేదు. "సూడరా, ఏటేటా పాటకి అద్దె గుంజుతన్నారా లేదా? పాట పొట్టిగా ఉంటే జనం ఊరుకుంటారేటి? అందుకే ఎనకాల తోక తగిలించినారు."

"బావా, నలభయ్యేళ్ల నాటి పాటకి ఇప్పుడు తోక ఎవడు కడతాడు?"

"డబ్బులిచ్చే నీలాటోడుంటే ఎవడైనా కడతాడు."

అలా మొదలైన గొడవ పందెం దాకా వెళ్లింది. పాట అక్కడే ముగిసిందని తేలితే ఆ స్పీకరు తాతది. లేదంటే తాత తన సొంత డబ్బుతో యాప్‌కు ఏడాది చందా కట్టాలి. పాటకు అద్దె కట్టడం తాతకు చచ్చేంత అవమానం. తేల్చేది పెళ్లిరోజున అనుకున్నారు. ఎలాగూ ఆ రోజు తాత పాడతాడు, దాన్ని ఎవరూ ఆపలేరు.

ఆ రోజు రానే వచ్చింది. పులిహోర, పనసపొట్టు కూర తిని అందరూ కునుకుపాట్లు పడుతున్న వేళ ఉమాశంకర్ తాత స్పీకరులో గొంతు లేకుండా సంగీతం మాత్రమే వచ్చే ట్రాక్ పెట్టాడు. మా తాత మైకు పుచ్చుకుని అమ్మమ్మ వైపు తిరిగి కళ్లు మూసుకుని పాడాడు. నిజం చెప్పాలంటే బాగానే పాడాడు. "రేవుకాడ నువ్వుంటే" అని చెయ్యి గాల్లోకి విసిరి ఆగాడు. అలవాటు కొద్దీ నోటితో "టక్" కూడా అన్నాడు.

సంగీతం ఆగలేదు. వీణ మోగింది, తబలా మోగింది. తాత చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"పాడు బావా, తోక ఊగుతన్నాది!" అని ఉమాశంకర్ తాత అరిచాడు.

అప్పుడు అమ్మమ్మ మైకు లాక్కుంది. కూర్చున్న చోటే మిగతా పాట అందుకుంది. అది ఆడమనిషి జవాబు. "పడవేదీ మావా, పట్టుచీరేదీ మావా, మాటలతో నేసిన చీర ఎన్నాళ్లు కట్టేది మావా?"

పందిరి కింద నవ్వులు చల్లారడానికి చాలాసేపు పట్టింది.

"ఇది ఆ యాపులో ఇని నేర్సుకున్నాది," అన్నాడు తాత. గొంతులో బలం తగ్గింది.

"పెళ్లికాక ముందే రేడియోలో ఇన్నాను మావా. పైసా ఖర్సు లేకుండా," అంది అమ్మమ్మ. లోపలికెళ్లి కేసెట్టు డబ్బాలో ఉండే అట్టముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. "సదవే గుంటా, గట్టిగా సదువు."

షాపు ఆయన నీలి సిరాతో పాటల పేర్లు వరసగా రాశాడు. నేను గట్టిగానే చదివాను. "ఎనిమిది. పడవ పాట. సగమే పడుతుంది. తొంభై నిమిషాల కేసెట్టు తీసుకోమని పార్టీకి చెప్పాను. వినలేదు."

"తేడా ఎంతో తెలుసా? పది రూపాయలు," అంది అమ్మమ్మ. "నీ తాతేటన్నాడు? 'పట్టినంతకాడికి ఎక్కించు, మిగతాది ఎవలింటారు' అన్నాడు."

తాత అట్టముక్క తీసుకుని కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "మరి నలభయ్యేళ్లూ సెప్పలేదేటి?" అని అడిగాడు.

"పట్టుచీర తెస్తానన్న కాడికి బాగానే ఉన్నాది గదా అని ఊరుకున్నాను. అదీ రాలేదు."

తాత పందెం ఓడినట్టు ఒప్పుకున్నాడు. మాట తప్పే మనిషి కాదు, డబ్బు తీసే మనిషీ కాదు. రెండు రోజులు నా ఫోన్‌లో యాప్ ధరలన్నీ చదివించుకున్నాడు. మూడో రోజు ఉదయం ఆయన మొహం వెలిగింది.

"ఒసే సుహాసినీ! కాలేజీలో సదివే పిల్లలకి సగం ధరే అంటన్నాడు!"

"నేను డిగ్రీ మానేసి రెండేళ్లయింది తాతా."

"మళ్లీ సేరు. పోయిన పేపరు మళ్లీ రాయి. ఏడాదికి ఆరొందలు మిగులుతాది."

ఆ మధ్యాహ్నమే బస్సెక్కించి కాలేజీకి తీసుకెళ్లాడు. పాత బకాయి, మళ్లీ చేరే ఫీజు, పరీక్ష ఫీజు కలిపి నాలుగు వేల రెండొందలు కట్టాడు. బయటికొచ్చి, లాభం వచ్చిన సంతోషంతో నాకు చెరుకురసం కూడా ఇప్పించాడు.

లాభమెంతో నన్నడక్కండి. నేను తప్పింది లెక్కల పేపరు.